కుక్కవామింట: గుర్తించుట, పెంచుట

గడచిన వేసవిలో మా సంఘ సభ్యుడొకరు చిన్న మూటలో నల్లని గింజలు తెచ్చి, "అయ్యా, ఇవి కుక్కవామింట గింజలే గదా? ఇంటిలో ఆవాలకు బదులు తాలింపులో వేయుద మనుచున్నారు" అని యడిగిరి. ఆశ్వయుజమున కొన్నియు, ఫాల్గుణమున మరికొన్నియు ఒక్క బీటిలోనే యేరిరట. కాగితముపై పోసి భూతద్దముతో చూడగా సగము మాత్రమే కుక్కవామింట. తక్కినవి బలురక్కసి గింజలు; కొన్ని చోట్ల దీనినే బ్రహ్మదండి యందురు. మూటను ఆయన యెదుటనే పొయ్యిలో వేయించితిమి.

ఇది అతిజాగ్రత్త కాదు. 1998లో ఢిల్లీ నగరమున బలురక్కసి నూనె కలిసిన ఆవనూనె తిని 60 మందికి పైగా మరణించిరి. కాళ్లు వాచుట, ఆయాసము, పిదప గుండె బలహీనపడుట దాని లక్షణములు. వండినంత మాత్రమున ఆ విషము పోవునని నమ్మరాదు.

రెండును ఏడాది మొక్కలే, రెండింటి పువ్వులును పసుపుపచ్చనివే. పోలిక అంతటితో సరి. కుక్కవామింట తొలకరికి మొలచి మోకాలెత్తు, ఒక్కొక్కచో నడుమెత్తు పెరుగును. కాడయు ఆకులును జిగట నూగుతో నుండి, నలిపిన ఘాటైన వాసన వేయును. ఆకు మూడు లేక అయిదు చిన్న ఆకులుగా చీలియుండును. పువ్వు చిన్నది, రేకులు నాలుగే. కాయ రెండు మూడంగుళముల పొడవున సన్నగా నిక్కి నిలుచును. బలురక్కసి ఆకులు బూడిదవన్నెవి, ఈనెలు తెల్లనివి, అంచులనిండ ముండ్లు. పువ్వు పెద్దది, రేకులు సాధారణముగా ఆరు. కాడ త్రుంచిన పసుపుపాలు కారును. కాయయు ముండ్లతో నుండును. మాకు బాల్యమున వృక్షశాస్త్రము చెప్పిన ఉపాధ్యాయుడు రేకులు లెక్కింపకయే పేరు చెప్పిన పిల్లవానిని బల్లపై నిలువబెట్టెడివాడు. అప్పుడు కోపము వచ్చెడిది.

గింజలనే చూడవలసివచ్చిన, కుక్కవామింట గింజ నత్తగుల్లవలె చుట్టుకొని అడ్డగీతలు కలిగియుండును. బలురక్కసి గింజ కొంచెము పెద్దది, గుండ్రనిది, పైన వలకన్నులవంటి గుంటలుండును. అయినను మూటెడు గింజలను ఒక్కొక్కటిగా ఎవరు చూడగలరు? అందుచేత బీటిలో ఏరుటకంటె, ఎరిగిన మొక్కనుండి తీసిన విత్తనముతో స్వంతముగా పెంచుకొనుటయే మేలని మా యభిప్రాయము. గఢ్వాలు కొండలలో ఈ గింజలనే జఖియా యని పిలిచి తాలింపునకు వాడుదురు.

కొత్త గింజలు వెంటనే సరిగా మొలవవు. వేసవి గడచువరకు ఎండిన సీసాలో దాచి, తొలకరి పదునులో చల్లవలెను. నీరు నిలువని తేలికనేల, నిండు ఎండ కావలెను. గింజలు మిక్కిలి సన్నవి గనుక పొడియిసుకతో కలిపి చల్లి, ముండ్లకంపతో పైపైన లాగిన చాలును. లోతుగా పడిన మొలవవు. మొక్కలు నాలుగాకులైన పిదప జానెడు ఎడముంచి తక్కినవి పెరికివేయవలెను. ఎరువు అక్కరలేదు. నెల, నెలన్నరలో పూచును. కాయలు క్రిందినుండి పైకి వరుసగా పండి, పండినవి కొననుండి పగిలి గింజలు రాలును. కావున గడ్డివన్నెకు తిరిగినవానిని ఎప్పటికప్పుడు ఉదయమే కోసి గుడ్డపై ఆరబెట్టవలెను. ఈ పని సోమరికి తగదు. వేరుసెనగ చేనిలో మాత్రము చల్లవద్దు. ఒకసారి రాలినచో మరుసటి యేడు కలుపుకూలి మీరే యిచ్చుకొనవలసియుండును.

చెవిపోటుకు దీని యాకురసము పోయుట పల్లెలలో కలదు. ఆ రసము చర్మమునకు తగిలిననే మంటపుట్టించి బొబ్బలెక్కించును. పసిపిల్లల చెవిలో పోయవద్దని గట్టిగా చెప్పుచున్నాము.

పై సభ్యునికి మేమే గుప్పెడు గింజలిచ్చితిమి. ఈ తొలకరికి పొలము గట్టున చల్లిరి. మొన్న పోయి చూడగా మొక్కలు పూతకు వచ్చినవి. నడుమ తెల్లపూల వామింట రెండు మొలచియుండగా, ఆయన భార్య మాకంటె ముందే గుర్తించి కూరకు వేరుగా ఉంచుకొనెను.