తాతగారు తలుపు వేసేశారు

వారం వారం సీరియల్ నవల చదివే అలవాటున్న వాళ్ళకి ఒక సంగతి తెలుసు. రచయితగారు పదిహేనోవారంలో కథానాయకుడికి కొత్తగా ఒక పెత్తండ్రిని పుట్టించవచ్చు. పోయాడనుకున్న తండ్రిని కాశీనుంచి రప్పించవచ్చు. మనం "సరే, కానీండి" అంటాం. కాని నాలుగోవారంలో కంటతడితో వెళ్ళిపోయిన ఆ మేనత్త కూతురి ఊసు మళ్ళీ ఎత్తకపోతే మాత్రం ఊరుకోం.

ఈ మాట నాకు తట్టింది నవల చదివి కాదు. మా పిల్లల ధర్మమా అని ఇంగ్లండువారి 'డాక్టర్ హూ' చూసి. బి.బి.సి. వారు ఈ టెలివిజను కథను 1963 నవంబరు 23న మొదలుపెట్టారు. మొదటి కథకు దర్శకుడు మన లక్నోలో పుట్టిన వారిస్ హుసేన్. 1989లో ఆపి, నడుమ 1996లో ఒక్క చిత్రం తీసి, 2005లో మళ్ళీ ఎత్తుకున్నారు. నాయకుణ్ణి అందరూ డాక్టరనే పిలుస్తారు, అసలు పేరు చెప్పడు. పోలీసు టెలిఫోను గదిలా కనిపించే నీలంరంగు పెట్టెలో ఎక్కి, కాలంలో వెనక్కీ ముందుకీ తిరుగుతూ ఉంటాడు.

ఈయనగారి పూర్వకథ గోడమీది సున్నంలాంటిది, అప్పుడప్పుడు కొత్త పూత పడుతుంది. మొదట ఎక్కడివాడో తెలియని పరదేశి. నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం చెడితే 1966లో డాక్టరు దేహమే మారిందని చెప్పి ప్యాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చారు. డాక్టరు కాలప్రభువుల జాతివాడని 1969లో తేలింది. ఆ జాతివారు పన్నెండుసార్లే దేహం మార్చగలరని 1976లో కట్టడి చేశారు. 2013 నాటికి ఆ లెక్క చెల్లిపోగా ఇంకో విడత దయచేయించారు. 2020లో అసలా జాతే కాదు పొమ్మన్నారు! ఎక్కడో దొరికిన బిడ్డట, గడిపిన జన్మలెన్నో మరిచిపోయిన ప్రాణిట. అభిమానులు రెండు పక్షాలై వాదించుకున్నారు.

నాకు మాత్రం వేడి పుట్టలేదు. కర్ణుడి జన్మరహస్యం వింటే గుండె ఎందుకు కలుక్కుమంటుంది? పెంచిన రాధ ఉంది గనక, కన్న కుంతి వచ్చి ఎదుట నిలుచుంది గనక. ఆ రహస్యానికి బరువిచ్చే అలాంటి మనిషి 2020 కథలో నాకు కనపడలేదు.

అదే సారా జేన్ స్మిత్ సంగతి చూడండి. ఈమె పత్రికా విలేఖరి. వేషం ఎలిజబెత్ స్లేడెన్‌ది. 1973లో పెట్టె ఎక్కింది. 1976లో డాక్టరుకు స్వగ్రహంనుంచి పిలుపొచ్చింది. అక్కడికి మనుషుల్ని తీసుకుపోరాదు. క్రాయ్‌డన్‌లో మీ వీధి ఇదేనని ఆమెను దింపి పోయాడు. తీరా చూస్తే ఆ వీధి ఆమెది కాదు. ఆమె నవ్వేసి, ఈల వేసుకుంటూ నడిచి వెళ్ళిపోయింది. అంతటితో సరి అనుకున్నారు చూసినవాళ్ళు.

ముప్ఫయ్యేళ్ళకి, 2006లో, అదే స్లేడెన్‌ను మళ్ళీ పిలిచారు. డాక్టరు వేరే దేహంలో ఉన్నాడు. సారాకి వయసొచ్చింది. ఇన్నాళ్ళూ ఎదురుచూశాననీ, నువ్వు చచ్చిపోయావనే అనుకున్నాననీ ముఖాన అనేసింది. దింపింది క్రాయ్‌డన్ కాదు, అబర్డీనట! (లండన్ పక్కన దింపాల్సిన మనిషిని తీసుకెళ్ళి స్కాట్లండులో దింపిన ఘనుడు.) పాత కథలో ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు. కాని ఇప్పుడు ఆ ఈల విననివ్వదు. వాల్మీకి మాట్లాడకుండా వదిలేసిన ఊర్మిళకి మన ఆడవాళ్ళు పాటలో పద్నాలుగేళ్ళ నిద్ర కల్పించారే, ఆ జాతి పని ఇది.

అన్నిటికన్నా పాత బాకీ సూసన్‌ది. ఆమె డాక్టరుకి మనవరాలు, మొట్టమొదటి కథనుంచీ ఉన్న మనిషి. వేషం వేసింది కరోల్ ఆన్ ఫోర్డ్. 1964 డిసెంబరులో, ఇరవైరెండో శతాబ్దపు లండన్ శిథిలాల్లో, ఆ పిల్ల ఒక యువకుణ్ణి ప్రేమించింది. తాతను వదల్లేక తనంతట తాను ఆగిపోదని ముసలాయనకి తెలుసు. అందుకని లోపలినుంచి తలుపు గడియ వేసేశాడు. ఒకనాడు తప్పక తిరిగి వస్తానని లోపలినుంచే చెప్పి పెట్టె కదిలించాడు. కూతురి అప్పగింతలు చూసినవాళ్ళకి ఆ తలుపు చప్పుడు వేరే వివరించనక్కరలేదు.

1983లో ఇరవయ్యేళ్ళ పండగకని తాతా మనవరాళ్ళని ఒకసారి కలిపారు, పోరాటాల హడావుడిలో. ఆ తరవాత డాక్టరుకి గ్రహాలు మారాయి, జాతి మారింది, పుట్టుకే మారింది. మరి ఆయన ఆ జాతివాడే కాకపోతే సూసన్ ఎవరి బిడ్డ? 2020లో పూర్వకథ తిరగరాసినవారు ఆ మాట ఎత్తలేదు.

2025లో ఎనభైనాలుగేళ్ళ కరోల్ ఆన్ ఫోర్డ్‌ను మళ్ళీ తెరమీదికి తెచ్చారు. డాక్టరు కళ్ళముందు ఆమె ముఖం మెదిలింది, తాతా అని పిలిచింది. నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను. ఆ ఏటి కథ ముగిసింది, ఇద్దరూ ఎదురుపడనేలేదు.