సుశీల పాట డీజే బండి ఎందుకు ఎక్కదు?

పెళ్లి ఊరేగింపులో డీజే లేకపోతే ఈ రోజుల్లో కుర్రకారు అడుగు కదపరు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఏ ఊళ్లో చూసినా ఇదే తంతు! బండి మీద బాక్సులు, బాక్సుల మధ్య రంగురంగుల దీపాలు, వాటి వెనక చెవికి హెడ్‌ఫోను తగిలించుకున్న ఓ కుర్రాడు. పాట వెనక పాట తెగకుండా వస్తూనే వుంటుంది. ఒకటి ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో డాన్సు చేసేవాళ్ల కాళ్లకే తెలీదు. అదీ అతని పనితనం!

అయితే మీరో విషయం గమనించారా? ఆ కుర్రాడు 'పలాస 1978' (2020) సినిమాలో రఘు కుంచె పాడిన 'నక్కిలీసు గొలుసు' పాట రాత్రికి నాలుగుసార్లు వేస్తాడు గాని, ఘంటసాల పాట జోలికి పోడు. సుశీల పాట ముట్టుకోడు. విజయనగరంలో ఓ పెళ్లి దగ్గర ఇదే సంగతి అడిగాను.

'అవి మాకు పడవండి మాస్టారూ. మధ్యలో కాలు జారిపోతాది' అన్నాడు.

'ఇష్టం లేకా?'

'అదేటండి అలాగంతారు! మా అమ్మ రోజూ అవే పెడతాది. ఇష్టం లేక కాదండి, కలవవు.'

కలవవు! ఆ మాట నన్ను పట్టుకుంది. సుశీల 1935లో విజయనగరంలోనే పుట్టారు. ఘంటసాల సంగీతం నేర్చుకున్నది ఆ ఊళ్లోనే, 1919లో వెలసిన మహారాజావారి సంగీత కళాశాలలో. 'మల్లీశ్వరి' (1951)కి బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు సాలూరు దగ్గర శివరామపురం వారు. అలాంటి వాళ్ల పాట సొంత గడ్డ మీదే డీజే బండి ఎక్కలేకపోతోందంటే, కారణమేమిటో తేల్చుకోవద్దూ?

రెండు ఎడ్లు, ఒక కాడి

రెండు పాటల దరువుల్ని ఒకదానిమీద ఒకటి పడేట్టు చెయ్యడాన్ని డీజేలు 'బీట్ మ్యాచింగ్' అంటారు. ఒకే కాడికి రెండు ఎడ్లను కట్టడం లాంటిదన్నమాట. రెండింటి నడకా ఒక్కటి కావాలి, అడుగు కూడా ఒక్కసారే పడాలి.

చిన్న లెక్క చూడండి. ఒక పాటలో నిమిషానికి 120 దెబ్బలు, రెండో పాటలో 121. ఒక్క దెబ్బే గదా తేడా, పోనిద్దూ అనుకుంటాం. కాని రెండూ కలిపి మొదలెడితే, అర నిమిషం తిరిగేసరికి రెండో పాట దెబ్బ మొదటి పాట దెబ్బలకు సరిగ్గా మధ్యన వచ్చి పడుతుంది! ఇద్దరు డప్పులవాళ్లు పోట్లాడుకున్నట్టుంటుంది. అక్కడే కాళ్లు తడబడతాయి.

అందుకే వేగం సర్దే మీట పుట్టింది. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 రికార్డు ప్లేయరులో వేగాన్ని 8 శాతం దాకా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. 120ని 124 చెయ్యాలంటే మూడు శాతం పైచిలుకు జరిపితే చాలు. ఇప్పుడు ఆ శ్రమా లేదు. కంప్యూటరులో 'సింక్' మీట నొక్కితే అదే సర్దేస్తుంది.

మరి ఇంత సుఖంగా వుంటే చిక్కేమిటంటారా?

మనిషి చేతి దరువు

పాట మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంలో నడుస్తుందని ఆ మీట మామూలుగా నమ్ముతుంది. ఈ కాలం పాటల్లో చాలావాటికి అది నిజమే. ముందు కంప్యూటరులో దరువు వేసి, దాని మీద పాట కడతారు. మొదటి దెబ్బకీ ఆఖరి దెబ్బకీ నడకలో వెంట్రుకవాసి తేడా రాదు. 1977లో జార్జియో మొరోడర్ బృందం డోనా సమ్మర్‌తో పాడించిన 'ఐ ఫీల్ లవ్' ఇలా యంత్రం నడిపించిన పాటల్లో పేరుమోసింది.

'మల్లీశ్వరి' నాటి సంగతి వేరు. గాయకులు, ఫిడేళ్లు, వేణువు, తబలా అందరూ కలిసి ఒక్క ఊపున పాట పూర్తి చెయ్యాలి. చెవిలో టిక్కుటిక్కుమని లయ చెప్పే యంత్రం లేదు. తబలా ఆయన గాయకుడి ఊపిరి కనిపెట్టి వాయిస్తాడు. హుషారు పుట్టిన చోట నడక కొంచెం ముందుకు ఉరుకుతుంది. భావం బరువెక్కిన చోట వెనక్కి తగ్గుతుంది. మామూలుగా వింటే తెలీదు. పక్కన యంత్రం దరువు పెట్టారా, గుట్టు బయటపడుతుంది! కావాలంటే ఓ పాత పాట పెట్టుకుని, పల్లవిలో నిమిషానికి ఎన్ని దెబ్బలో చేత్తో లెక్కపెట్టండి. ఆఖరి చరణంలో మళ్లీ లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలిస్తే అదృష్టమే!

ఇంకో తిరకాసు తాళంలో వుంది. మన జానపదాల్లో చాలా పాటలు 'తకిట తకిట' అని మూడేసిగా నడుస్తాయి. డీజే దరువు 'తకధిమి తకధిమి' అని నాలుగేసిగా నడుస్తుంది. వేగం ఎంత సర్దినా లోపలి అడుగులు కలవవు. ఇక మన తప్పెటగుళ్లు చూశారు కదా! నెమ్మదిగా మొదలై, పోనుపోను వేగం పుంజుకోవడంలోనే వుంది దాని మజా. అలాంటి పాటకు ఒకే అంకె వేసి ఎలా కట్టేస్తారు?

పాత రికార్డే తెచ్చి వేద్దామంటే అదీ ఓ పట్టాన లొంగదు. 33 రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. మధ్య చిల్లు ఒక్క మిల్లీమీటరు పక్కకు పడిందనుకోండి. నడిమికి 10 సెంటీమీటర్ల దూరంలో వున్న గాడిలో, ప్రతి చుట్టులోనూ వేగం ఒక శాతం పెరిగి, ఒక శాతం తగ్గుతుంది. స్వరం ఉయ్యాలలూగుతుంది. ఏది అసలు వేగమో చెవికి అంతుపట్టదు.

మరి దారి లేదా?

ఎందుకు లేదూ! 'సింక్' కట్టేసి చెవిని నమ్ముకోవాలి. పాత పాటను కొత్త పాటతో నిమిషం సేపు జంటగా నడిపించాలని పంతం పట్టకూడదు. నాలుగైదు సెకన్లు చాలు. గొంతు లేనిచోట, తబలా నిలకడగా వున్నచోట ఓ నాలుగు దెబ్బలు ఏరుకుని లూప్ చేసి, దానిమీద రెండో పాటను ఎక్కించాలి. అదీ కుదరకపోతే ముక్తాయింపు పడగానే ఠక్కున ఆపి, కొత్త పాటను మొదటి దెబ్బ మీద దింపెయ్యాలి. మూడేసిగా నడిచే పాటకు మూడేసిగా నడిచే పాటనే జత కట్టాలి.

వీటన్నిటినీ మించిన ఉపాయం నేను శ్రీకాకుళం వైపు ఓ ఊరేగింపులో చూశాను. పాత పాట ముగిసే వేళకి డీజే శబ్దం తగ్గించాడు. వెంటనే డప్పులవాళ్లు అదే నడకలో అందుకున్నారు. కాసేపు ఆడించి, మెల్లగా వేగం పెంచి, కొత్త పాట నడకకు తీసుకొచ్చి డీజేకి అప్పగించారు. ఎక్కడా ఒక్క అడుగు తప్పలేదు! కంప్యూటరు తెల్లమొహం వేసే పని వాళ్ల చేతులకు మంచినీళ్లప్రాయం. డీజేలొచ్చాక పిలుపులు తగ్గిన మేళాలు మనకు ఊరూరా వున్నాయి. వాళ్లకు నాలుగు డబ్బులొస్తాయి, పాత పాటకు దారి దొరుకుతుంది.

జనం వినరేమోనన్న బెంగ అక్కర్లేదు. 'నక్కిలీసు గొలుసు' మాత్రం ఎక్కడిది? మన ఉత్తరాంధ్ర జానపదమే గదా, దానికి కాళ్లు ఆగుతున్నాయా?

కాబట్టి మిత్రులారా, ఈసారి మీ ఇంట్లో పెళ్లికి డీజేని మాట్లాడుకునేటప్పుడు ఒక్క మాట అడగండి. 'బాబూ, మధ్యలో సుశీల పాట ఒకటి వెయ్యగలవా?' అని. వేస్తానన్నవాడికే బయానా ఇవ్వండి!