గదుల్లో మేట వేసిన ఇసుక

నీరో, సాగునేలో, బాటో చూసుకొని వెలసిన ఊరు ఒక వృత్తి పోయినా మరొక వృత్తిని పట్టుకొని నిలదొక్కుకోగలదు గానీ, కేవలం ఖనిజం కోసమే పుట్టిన ఊరు ఆ ఖనిజం అడుగంటగానే ఖాళీ అయిపోతుంది. నైరుతి ఆఫ్రికాలోని నమీబియా దేశంలో, లూడెరిట్జ్ రేవు పట్టణానికి పది పదిహేను కిలోమీటర్ల లోపలికి, నమీబ్ ఎడారిలో ఉన్న కోల్మాన్‌స్కోప్ అటువంటి ఊరే. 1908లో వజ్రాలు దొరకడంతో పుట్టి 1956 నాటికి నిర్మానుష్యమైపోయిన ఈ ఊరు, నేడు ప్రపంచం నలుమూలల నుంచి ఛాయాచిత్రకారులు వెతుక్కుంటూ వెళ్లే స్థలంగా మారింది.

ఆనాడు ఈ ప్రాంతం జర్మన్ల వలస పాలనలో ఉండేది. ఇసుక పైపొరలోనే దొరికిన వజ్రాల సంపదతో, చుక్క నీరు పుట్టని ఆ చోట జర్మన్ పట్టణాల తీరులో మేడలు, ఆసుపత్రి, బడి, నాటకాలకూ నృత్యాలకూ ఒక పెద్ద హాలు, చివరికి ఐసు ఫ్యాక్టరీ కూడా కట్టుకున్నారు. తాగే నీరు కేప్ టౌన్ నుంచి ఓడల మీద వచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత నిల్వలు తరుగుతూ రాగా, 1928 ప్రాంతంలో దక్షిణాన ఆరెంజ్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఇంతకన్న గొప్ప నిక్షేపాలు బయటపడడంతో జనం క్రమంగా అటు తరలిపోయారు. గుమ్మాల ముందు చేరిన ఇసుకను రోజూ ఎత్తిపోసే మనుషులు లేకపోయేసరికి, దక్షిణం నుంచి వీచే బలమైన గాలి పగిలిన కిటికీల గుండా, తెరిచి ఉన్న తలుపుల గుండా ఎడారిని ఇళ్లలోకి మోసుకొచ్చింది.

కోల్మాన్‌స్కోప్ చిత్రాల ముందు చూపరిని నిలబెట్టేది ఆ ఇసుకే. అది గదిలో ఒక మూల గోడకు ఎగబాకి, గుమ్మం వైపు వాలుగా జారి, పైన సన్నని అలల గీతలు దిద్దుకొని ఉంటుంది. పెచ్చులూడిన గోడల మీద మిగిలిన నీలం, లేత ఆకుపచ్చ రంగులు దాని పక్కన మరింత తేటగా కనిపిస్తాయి. ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న గుమ్మాలు చూపును లోపలికి, ఇంకా లోపలికి తీసుకుపోతాయి. ఒక తలుపు రెక్క సగం తెరిచి ఉండగానే ఇసుకలో కూరుకుపోయి, మూయడానికీ తెరవడానికీ వీలు లేకుండా నిలిచిపోతుంది; మనిషి నడుము ఎత్తున ఉండవలసిన దాని పిడి ఇసుకకు జానెడు ఎత్తులో కనిపిస్తుంది. ఎన్ని సంవత్సరాలు గడిచాయో చెప్పడానికి ఆ జానెడు ఎడం చాలు.

ఇటువంటి గదిని చిత్రించడం చూసినంత సులువు కాదు. కిటికీ బయట ఎడారి ఎండ, లోపల మూలల్లో మసక చీకటి ఉన్నప్పుడు మనిషి కన్ను రెంటికీ సర్దుకోగలదు గానీ, కెమెరా ఒకే ఎక్స్‌పోజర్‌లో, అంటే ఒక చిత్రం కోసం లోపలికి రానిచ్చే ఒకే వెలుతురు మోతాదుతో, రెంటినీ పట్టుకోలేక కిటికీని తెల్లగానో మూలను నల్లగానో వదిలేస్తుంది. అందువల్ల కొందరు ఒకే దృశ్యాన్ని వేర్వేరు మోతాదుల్లో తీసి తరువాత కలుపుతారు. మరికొందరు ఎండ ఏటవాలుగా, మెత్తగా పడే తెల్లవారు వేళ కోసం కాచుకుంటారు. కాళ్ల దగ్గరి ఇసుక గీత నుంచి ఆఖరి గది గోడ దాకా అన్నీ స్పష్టంగా రావాలంటే ఎపర్చర్ అనే లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేయాలి, అప్పుడు తగ్గిన వెలుతురుకు బదులుగా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అంతసేపూ కెమెరా కదలకుండా ముక్కాలి స్టాండు మీద నిలపాలి. కానీ స్టాండు కాళ్లు దిగబడేది కూడా ఇసుకలోనే. అన్నిటికన్న పెద్ద చిక్కు అడుగుజాడలది. పగలు వచ్చిన సందర్శకుల జాడలను గాలి తుడిచిపెట్టిన తరువాత, తెల్లవారక ముందే ప్రత్యేక అనుమతి పత్రంతో ఊళ్లోకి ప్రవేశించే ఛాయాచిత్రకారుడు గడప మీదనే ఆగి, ఆ గదిలో తనకు కావలసిన చిత్రమేదో అక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్క అడుగు లోపలికి వేస్తే ఆ చిత్రం పాడవుతుంది.

నమీబియాలో స్థిరపడిన హెల్గా కోల్, స్పెయిన్‌కు చెందిన అల్వారో సాంచెజ్-మొంతానెస్, ఫ్రాన్స్‌కు చెందిన రొమైన్ వెయ్యోన్ ఈ గదులను చిత్రమాలికలుగా మలిచారు. 2020లో వెలువడిన టేమ్ ఇంపాలా సంగీత ఆల్బమ్ ముఖచిత్రం ద్వారా ఇక్కడి ఇసుక గది ఒకటి లక్షల మంది కళ్లబడింది. ఈ చిత్రాల అందం నిజమైనదే, దాన్ని శంకించవలసిన పని లేదు. అయితే చూపరి వాటిలో చదివేది ఎక్కువగా కాలం, ప్రకృతి, మానవ గర్వం వంటి పెద్ద మాటలనే. ఆ ఇసుకలో పని చేసిందెవరు అన్న చిన్న ప్రశ్న మాత్రం గది బయటే ఉండిపోతుంది.

ఆ ప్రశ్నకు జవాబు స్పష్టంగానే ఉంది. 1908 ఏప్రిల్‌లో ఇక్కడ మొదటి వజ్రాన్ని గుర్తించినది, రైలు పట్టాల మీద చేరిన ఇసుకను ఎత్తిపోస్తున్న జకారియాస్ లెవాలా అనే కార్మికుడు. దాన్ని అందుకొని ధనవంతుడైనవాడు అతని పై అధికారి ఆగస్ట్ స్టాఖ్. ఆ రైలు మార్గాన్ని వేయించడానికి హెరెరో, నామా జాతుల ఖైదీలను నిర్బంధంగా వాడుకున్నారు. లూడెరిట్జ్ దగ్గరి షార్క్ ద్వీపపు నిర్బంధ శిబిరం నుంచి వారిలో ఎందరినో పనికి తోలుకొచ్చారు, ఆ మార్గం మీద సగానికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ జాతులపై 1904 నుంచి 1908 వరకు సాగినది జాతిహననమేనని జర్మనీ ప్రభుత్వం అంగీకరించడానికి 2021 దాకా పట్టింది. తరువాత గనుల పని ఉత్తరాది నుంచి ఒప్పందం మీద రప్పించిన ఒవాంబో కూలీల మీద పడింది. ఆ ప్రాంతపు వజ్రక్షేత్రాల పాత ఫోటోల్లో కూలీలు వరుసగా మోకాళ్ల మీద వంగి, మొహాలు నేలకు ఆనించినట్లుగా పాకుతూ చేతులతో ఇసుకను వెతుకుతుంటారు.

కాబట్టి ప్రదర్శనశాలలో తీసుకునే నిర్ణయాలు చిత్రం తీయడంతో సమానమైన బరువు గలవి. ఏ చిత్రం ఎంత పరిమాణంలో, ఏ కాగితం మీద అచ్చువేయాలి, ఏ చిత్రం పక్కన ఏది ఉండాలి, కింది వివరణలో ఏం రాయాలి అన్నవి చూపరి మనసును నడిపిస్తాయి. మీటరు వెడల్పున, మెరుపు లేని మందపాటి కాగితం మీద అచ్చువేసి, అద్దపు ప్రతిఫలనం అడ్డురాకుండా, చూపు ఎత్తున వేలాడదీసిన ఇసుక గది చిత్రం ముందు నిలబడినవారికి తామే ఆ గడప మీద ఉన్నట్లు తోస్తుంది; దాని కింద ఊరి పేరు మాత్రమే ఉంటే వారు ఆ గడప మీదనే ఉండిపోతారు. గని పట్టణమైన రాండ్‌ఫాంటెయిన్‌లో పుట్టిన దక్షిణాఫ్రికా ఛాయాచిత్రకారుడు డేవిడ్ గోల్డ్‌బ్లాట్ మూతపడుతున్న బంగారు గనులను చిత్రించినప్పుడు, యంత్రాల శిథిలాలతో పాటు అక్కడ పనిచేసిన మనుషులనూ చిత్రించి, స్థలం, కాలం, పని స్వభావం తెలిపే వివరణలు జతచేశాడు. రచయిత్రి నదీన్ గోర్డిమర్‌తో కలిసి 1973లో ప్రచురించిన 'ఆన్ ది మైన్స్' పుస్తకం అందుకు సాక్ష్యం.

కోల్మాన్‌స్కోప్ చిత్రాలకు కూడా అటువంటి తోడు కావాలి. నీలి గోడల గదిలో అలలు దిద్దుకున్న ఇసుక చిత్రాన్ని ఒక గోడకు తగిలించినప్పుడు, అంతే పరిమాణంలో, అంతే శ్రద్ధతో అచ్చువేసిన పాత ఫోటోను, ఇసుకలో మోకాళ్ల మీద పాకుతున్న ఆ కూలీల వరుసను, దాని పక్కనే అదే ఎత్తున ఉంచాలి, లెవాలా పేరును వివరణలో మొదటి వాక్యంలోనే రాయాలి.