లేవీయకాండం దగ్గర ఆగిపోకుండా

కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో వాగ్దాన వచనం అందుకున్నవాళ్లలో చాలామంది తెల్లారగానే ఆదికాండం తెరుస్తారు. బైబిలులో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడుకు పైనే చదవాలి. మూడేసి చొప్పున చూసినా ఆదికాండంలోని 50, నిర్గమకాండంలోని 40 అధ్యాయాలు జనవరి 30కి అయిపోతాయి. ఆపైన లేవీయకాండం, సంఖ్యాకాండం: బలులు, శుద్ధి నియమాలు, గోత్రాల లెక్కలతో 63 అధ్యాయాలు. సత్తెనపల్లి, పిడుగురాళ్ల మధ్యనున్న రాజుపాలెం లాంటి ఊళ్లలో మిరప కోతలు ముమ్మరమయ్యేదీ అప్పుడే. పొద్దు పొడవకముందే చేలకు వెళ్లే ఇంట్లో ఫిబ్రవరిలో చదువు ఆగిపోతే దాన్ని భక్తి లోపమనడం అన్యాయం. ఆ ఇంటి పనికాలం చూడకుండా వేసుకున్న పట్టికదే తప్పు.

అలాగని పట్టికే వద్దనుకుంటే నష్టం ఇంకా పెద్దది. మనసుకు నచ్చింది చదువుకుంటామనేవాళ్లు ఏళ్ల తరబడి 23వ కీర్తన, 91వ కీర్తన, సువార్తల్లోని నాలుగైదు ఘట్టాల చుట్టూనే తిరుగుతారు. అవి ఓదార్పునిస్తాయి, నిజమే. కానీ మనం దాటేసే లేవీయకాండంలోనే 19వ అధ్యాయం ఉంది. పొలాన్ని అంచుల దాకా కోయవద్దనీ, పరిగెను బీదలకూ పరదేశులకూ వదిలిపెట్టమనీ, కూలివాడి కూలి మర్నాటి ఉదయం దాకా అట్టిపెట్టుకోవద్దనీ అందులో ఉంది. మిరప కోతల వేళ పల్నాటి రైతుకూ కూలీకీ ఇంతకన్నా దగ్గరి మాట ఏముంటుంది? ఓదార్పు కోసమే వెతికే చేయి ఆ పేజీ దాకా వెళ్లదు. ఇదే పల్నాటిలో లూథరన్ మిషనరీ హయ్యర్ 1849లో గురజాలలో పని మొదలుపెట్టేనాటికి తెలుగులో సంపూర్ణ బైబిలు అచ్చుకాలేదు. 1854లో గానీ రాలేదు. ఇప్పుడు ఇంటింటా ఉన్న పుస్తకంలో సగం తెరవకుండానే ఉండిపోవడం బాధాకరం.

పట్టిక పెట్టుకుంటే చదువు మొక్కుబడి అవుతుందన్న అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. స్కాట్లాండ్‌లోని డండీ పట్టణంలో పాస్టరు రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842 చివర తన సంఘానికి పట్టిక వేసి ఇచ్చాడు: ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు. మొక్కుబడితనం, చదివామన్న గర్వం, అజాగ్రత్త, మోయలేని బరువు అనే ప్రమాదాలను ఆ పట్టికతో పాటే ఆయన రాసిపెట్టాడు. ఇన్ని తెలిసీ పట్టిక ఇచ్చాడంటే, ప్రమాదాలకన్నా ప్రయోజనమే ఎక్కువని నమ్మాడు కాబట్టే. బరువు తగ్గించుకోవడం మాత్రం మన చేతిలో పని. తేదీలు తీసేసి వరస మాత్రం ఉంచుకుంటే, తప్పిపోయిన రోజులు అప్పులా పేరుకోవు. చదువురాని పెద్దవాళ్లున్న ఇంట్లో కుటుంబ ప్రార్థనప్పుడు పిల్లలు పైకి చదివితే అందరిదీ పూర్తవుతుంది. రోజుకొక్క అధ్యాయమే అనుకున్నా మూడేళ్ల మూడు నెలలు చాలు. కోతలు సాగినన్నాళ్లూ కీర్తనలు చదువుకోవచ్చు, వాటిలో చాలావరకు చిన్నవే.