పెండ్లికుమారునికి మార్కులు వేసేదెవరు?

పోయిన సంవత్సరం మంచిర్యాల దగ్గరి ఒక గ్రామంలో ఒక విశ్వాసి తల్లి తన ఫోను తెచ్చి మా చేతిలో పెట్టింది. కుమార్తెకు జగిత్యాల వైపు సంబంధం కుదిరింది. అబ్బాయి గల్ఫులో పని చేసి వచ్చినవాడు. ఆ ఫోనులో అతని ఫోటో, క్రింద తాగుబోతు, జాగ్రత్త అని నాలుగు మాటలు ఉన్నాయి. వ్రాసినవారి పేరు లేదు. "అయ్యగారూ, గిది నిజమైతే పిల్లను ఎట్ల ఇయ్యాలె? అబద్ధమైతే మంచి సంబంధం చేజారిపోదా?" అని ఆమె కన్నీళ్లు పెట్టుకున్నది.

ప్రియ పాఠకులారా, ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. మనుష్యులకు మార్కులు వేయడం పెద్ద దేశాలలో వ్యాపారమే అయింది. 2013లో అమెరికాలో 'లూలూ' అనే యాప్ వచ్చింది. అందులో స్త్రీలు తమకు తెలిసిన మగవారికి పేరు చెప్పకుండా పదికి ఇన్ని అని మార్కులు వేసేవారు. 2023లో 'టీ' అనే యాప్ మొదలైంది. పరిచయమైన మగవాని ఫోటో పెట్టి, ఇతడు మంచివాడా, ప్రమాదమా అని స్త్రీలు అందులో ఒకరినొకరు అడిగి తెలుసుకుంటారు. మోసగాండ్ల నుండి స్త్రీలను కాపాడడమే దాని ఉద్దేశమని చెప్పారు. కాని 2025 జూలైలో దాని భద్రత తెగి, సుమారు 72,000 చిత్రాలు బయటపడ్డాయి. వాటిలో దాదాపు 13,000 ఆ స్త్రీలు తమ గుర్తింపు కోసం ఇచ్చిన ఫోటోలు, కార్డులు. తరువాత పది లక్షలకు పైగా రహస్య సందేశాలు కూడా బయటికి వచ్చాయి. ఆశ్రయమనుకున్న ఇల్లే తలుపులు లేనిదైంది.

అయితే ఆ స్త్రీల భయం అబద్ధమా? కాదు. కరీంనగర్, ఆదిలాబాదు పల్లెలకు ఈ సంగతి బాగా తెలుసు. దుబాయి సంబంధమని తొందరపడి పెండ్లి చేసి, తరువాత అక్కడ పనీ లేదు, ఇక్కడ పలకరింపూ లేదని ఏడ్చిన తల్లిదండ్రులు ఉన్నారు. బాధపడిన అమ్మాయి నోరు విప్పితే, పరువు పోతుందని అణచివేసిన పెద్దలూ ఉన్నారు. సంఘ పెద్దలమైన మేమూ ఆ తప్పు చేశాము. వినే చెవి ఇంట్లోను సంఘంలోను దొరకనప్పుడే మనిషి పేరులేని చోటును వెదకుతాడు.

విచారించడం తప్పు కాదు. మన సంఘాలలో పెండ్లికి ముందు మూడు ఆదివారములు ప్రకటన చదివే ఆచారం అందుకే ఉన్నది. అభ్యంతరం తెలిసినవారు చెప్పవలెనని అందరినీ అడుగుతాము. ఆ ప్రకటనకూ ఈ మార్కులకూ భేదమేమి? అక్కడ చెప్పేవాని ముఖం కనబడుతుంది. చెప్పిన మాటకు అతడే బాధ్యుడు. ఎవరిని గూర్చి చెప్పారో వారికి జవాబిచ్చే అవకాశం ఉంటుంది. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదనే సంగతి స్థిరపరచాలని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము నేర్పుతుంది. దొంగసాక్షుల మాట విని నాబోతును రాళ్లతో కొట్టి చంపిన సంగతి మనము మరువరాదు. రాయి విసిరే చెయ్యి కనబడనంత మాత్రాన దెబ్బ తగలకుండా ఉండదు.

ఆ తల్లితో మేము, "మీరు తొందరపడి తెంచుకోకండి, తొందరపడి చేయకండి" అని చెప్పాము. అబ్బాయి సంఘ కాపరిని, ఇరుగుపొరుగు ఇద్దరిని, గల్ఫులో అతనితో ఒకే గదిలో ఉన్న మనిషిని అడిగాము. తాగుడు సంగతి ఎవ్వరూ ఎరుగరు. చివరికి అబ్బాయినే కూర్చోబెట్టి ఆ సందేశం చూపించాము. అతడు చాలాసేపు మౌనంగా ఉండి, "తాగుడు లేదు. వీసాకు తెచ్చిన అప్పు మాత్రం ఇంకా ఉన్నది. మా ఇంట్ల చెప్పొద్దన్నరు" అన్నాడు. ఆ సంగతి ఏ సందేశంలోనూ లేదు. అమ్మాయిని అడిగితే, "దాచిపెట్టని అప్పుకు నేను భయపడ" అన్నది. పెండ్లి జరిగింది. సందేశం వ్రాసినదెవరో నేటికీ తెలియలేదు.

తల్లిదండ్రులారా, సంబంధం చూసేటప్పుడు పనిచోటు, అప్పు, ఆరోగ్యం, అలవాట్లు మొహమాటం లేకుండా అడగండి. అమ్మాయి మాట కూడా వినండి. యౌవనస్థులారా, మీకు తెలియని మనిషిని గూర్చి వచ్చిన మాటను ఇంకొకరికి పంపకండి. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం నేరం. నిజముగా హాని పొందిన సహోదరి మౌనంగా ఉండనక్కరలేదు. 181కి ఫోను చేయవచ్చు, షీ టీమ్స్‌కు చెప్పవచ్చు. ఫోటోలతో, ఫోనుతో వేధిస్తే 1930 ఉన్నది. సంఘ పెద్దలు ఆమె ప్రక్కన నిలబడాలి.

మనిషి విలువ చుక్కలతో లెక్కించేది కాదు. మన ఇండ్లలో నిజము చెప్పడానికి ధైర్యమును, వినడానికి ఓపికను ప్రభువు అనుగ్రహించును గాక.