ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వరంగల్ నుంచి వెళ్తున్నారా? సీటు కంటే ముందు ఇవి చూసుకోండి!

వరంగల్‌లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఒకటే తిప్పలు. పెద్ద మ్యాచ్ చూడాలంటే హైదరాబాద్ పోవాల్సిందే, అంటే దాదాపు 145 కిలోమీటర్లు. ఆ అవకాశాలు కూడా తగ్గిపోయాయి. 2019లో పుట్టి, 2022లో ఐఎస్‌ఎల్ కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఇక మిగిలినవి శ్రీనిధి డెక్కన్ మ్యాచ్‌లు, అప్పుడప్పుడు వచ్చే అంతర్జాతీయ పోటీలు. అందుకే దొరికిన ఒక్క టికెట్‌నీ ఆలోచించి కొనాలి. నాలుగైదుసార్లు పోయొచ్చాక నేను వేసుకున్న లెక్క ఇది.

ముందు వరుస మోజు వద్దు

2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగిన గచ్చిబౌలి బాలయోగి స్టేడియం నిజానికి అథ్లెటిక్స్ స్టేడియం. మన హన్మకొండ జేఎన్‌ఎస్‌లో 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు చూసినవాళ్ళకి ఆ సింథటిక్ ట్రాక్ ఎంత వెడల్పో తెలుసు. ఎనిమిది లైన్లంటే దాదాపు 10 మీటర్లు. పిచ్ ఆ ట్రాక్ అవతల ఉంటుంది.

ముందు వరుసలో కూర్చుంటే ఆటగాళ్ళంతా ఒకరి వెనక ఒకరు దాక్కున్నట్టే కనిపిస్తారు. గోల్ వెనకాల ట్రాక్ వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఇంకా దూరం. నా ఓటు సైడ్ స్టాండ్‌లో, సెంటర్ లైన్‌కి అటూ ఇటూ, పై వరుసలకే. పాస్ ఎటు పోతోందో, డిఫెన్స్ ఎక్కడ ఖాళీ వదిలిందో పైనుంచే తెలుస్తుంది. ఆట కంటే గోల ముఖ్యమనుకుంటే మాత్రం ఫ్యాన్స్ గుంపు ఎటు కూర్చుంటుందో కనుక్కోండి. డెక్కన్ లీజియన్ వాళ్ళ డప్పుల పక్కన నిలబడి చూసిన 90 నిమిషాలు వేరే లెవెల్!

ఎక్కువ డబ్బు పెడితే బాగా కనిపిస్తుందనే గ్యారంటీ కూడా లేదు. 2025 డిసెంబర్ 13న మెస్సీ కోల్‌కతా వచ్చినప్పుడు వేలకు వేలు పోసినవాళ్ళకి కనిపించింది ఆయన చుట్టూ మూగిన వీఐపీలే. కోపంతో జనం సీసాలు, కుర్చీలు విసిరారు. అదే సాయంత్రం మన ఉప్పల్‌లో కార్యక్రమం సాఫీగా సాగింది.

స్క్రీన్‌షాట్ టికెట్ కాదు

నిర్వాహకులు తమ అధికారిక పేజీలో చెప్పిన యాప్‌లోనే కొనండి. సీట్ మ్యాప్‌లో స్టాండ్ పేరుతో పాటు గేటు నంబర్ కూడా చూడండి. తప్పు గేటుకి పోతే స్టేడియం చుట్టూ నడక తప్పదు. డబ్బులు కట్టే ముందు ఫీజులు కలిపి చివరి మొత్తం ఎంతో చూసుకోండి.

మా బాబాయ్ కొడుకు ఒకసారి వాట్సాప్ గ్రూపులో ఎవరో అమ్మిన క్యూఆర్ స్క్రీన్‌షాట్ కొన్నాడు. గేటు దగ్గర స్కాన్ చేస్తే అప్పటికే వాడేశారని చూపించింది. ఒకే కోడ్‌ని ఎంతమందికి అమ్మారో! డబ్బులు పోయాయి, మ్యాచ్ పోయింది, పైగా ఉత్తి చేతులతో వరంగల్ బస్సు ఎక్కాడు పాపం.

తిరుగు బస్సూ టికెట్‌లో భాగమే

మ్యాచ్ రాత్రి ఏడున్నరకి మొదలైతే ముగిసేసరికి తొమ్మిదిన్నర. గచ్చిబౌలి నుంచి ఆటోలో రాయదుర్గం, అక్కడినుంచి మెట్రోలో నేరుగా ఉప్పల్, ఉప్పల్‌లో హన్మకొండ బస్సు. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. చివరి మెట్రో, చివరి బస్సు టైములు టికెట్ కొనకముందే చూసుకోండి. అవి కుదరకపోతే సిటీలో ఫ్రెండ్ రూమ్ మాట్లాడుకున్నాకే డబ్బులు కట్టండి. నాకౌట్ మ్యాచ్ అయితే ఎక్స్‌ట్రా టైమ్ 30 నిమిషాలు, ఆపైన పెనాల్టీలు కూడా లెక్కేసుకోవాలి.

ఎందుకింత చెప్తున్నానంటే, 2022 ఐఎస్‌ఎల్ ఫైనల్ గుర్తు చేసుకోండి. గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద మనవాళ్ళు 0-1తో వెనకబడ్డారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో కట్టిమణి అడ్డుగోడలా నిలబడితే 3-1తో కప్పు మనదైంది. బస్సు కోసం 85వ నిమిషంలో లేచిపోయినవాడికి ఇవేవీ దక్కవు.

పై వరుస సీటైనా, సాదాసీదా స్టాండైనా పర్లేదు. చివరి విజిల్ దాకా కదలకుండా కూర్చోగలిగేదే మనకి మంచి సీటు.