అప్పు ఒప్పుకున్న గీత

ఎవరిని చూసి నేర్చుకున్నామో చెబితే మన పని చిన్నబోతుందా? ఒక పోస్టరు, కొన్ని బ్యాండు బాణీలు, ఒక తెలుగు గీత చెప్పే జవాబు.

తెల్ల కాగితం మీద నల్లటి నీడలా ఒక పక్కముఖం. ఆ తల మీంచి మెలికలు తిరిగే రంగురంగుల జుట్టు. కింద ఇంగ్లిష్‌లో ఐదే అక్షరాలు: డిలన్. 1967లో ‘బాబ్ డిలన్స్ గ్రేటెస్ట్ హిట్స్’ రికార్డుతోపాటు మడిచి ఇచ్చిన ఈ పోస్టరు దాదాపు 60 లక్షల ప్రతులు జనంలోకి వెళ్లిందని అంచనా. గీసింది న్యూయార్క్ డిజైనర్ మిల్టన్ గ్లేజర్. ఒక తరానికే గుర్తుగా నిలిచిన బొమ్మ కాబట్టి అంతా ఆయన బుర్రలోంచే పుట్టిందనుకోవడం తేలిక. గ్లేజర్ అలా అనుకోనివ్వలేదు. ఆ పక్కముఖానికి మార్సెల్ డుషాంప్ కాగితం చింపి చేసిన స్వీయచిత్రం ఆధారమని, జుట్టు వంపులూ రంగులూ ఇస్లామిక్ చిత్రకళ నుంచి తెచ్చుకున్నవని తానే చెప్పాడు. అక్షరాల కథ ఇంకా వింత. మెక్సికో సిటీలో ఒక దర్జీ కొట్టు బోర్డు మీద ఎవరో చేత్తో రాసిన ‘ఇ’ అక్షరం ఆయన కంటపడింది. అక్షరాలతో పరిచయం లేనివాడికి మాత్రమే తోచే రూపం అనిపించిందట. దాని ఆధారంగా అక్షరమాల మొత్తం గీసి ‘బేబీ టీత్’ అని పేరు పెట్టాడు.

ఈ మూడు బాకీలూ తీసేస్తే గ్లేజర్‌కి ఏం మిగిలింది? ఆ మూడింటినీ ఒక కాగితం మీదికి పిలిచిన చూపు మిగిలింది. డుషాంప్ పక్కముఖానికి ఆ జుట్టు లేదు. పాత ఇస్లామిక్ చిత్రాల్లో రాక్ గాయకుడు లేడు. దర్జీ బోర్డుకి ఈ రెంటితోనూ పనిలేదు. అప్పు ఎంతో తెలిస్తేనే సొంత పెట్టుబడి ఎంతో తేలేది. అందుకే కళాకారుడు తన ప్రేరణలు బయటపెట్టడాన్ని వినయం ఖాతాలో వేసి ఊరుకోకూడదు. అది పనిని చదివే దారి చూపించడం. కాకపోతే ఎవరి దగ్గర తీసుకున్నాడో చెబితే సరిపోదు. ఏం తీసుకున్నాడో, దాన్ని ఏం చేశాడో కూడా చెప్పాలి.

మన సంగీతంలో దీనికి మంచి ఉదాహరణ ముత్తుస్వామి దీక్షితార్ నొట్టుస్వరాలు. మద్రాసు సెయింట్ జార్జ్ కోటలో తెల్లవాళ్ల బ్యాండు వాయించిన బాణీలు విని, శంకరాభరణం స్వరాల్లో ఒదిగే వాటికి ఆయన సంస్కృత సాహిత్యం కట్టారు. అలాంటివి సుమారు 40 ఉన్నాయి. ‘సంతతం పాహి మాం’ బాణీ ఇంగ్లండు రాజగీతానిదే. ఆ రచనల పేరులోనే ఇంగ్లిష్ ‘నోట్’ మిగిలిపోయింది, అంటే ఎక్కడ తెచ్చుకున్నదో పేరే చెబుతోంది. అంతమాత్రాన దీక్షితార్ పెద్దరికానికి ఏం లోటు వచ్చింది? ఆయన చెవి ఎంత దూరం తెరుచుకుని ఉందో మనకు తెలిసింది, అంతే.

బాపు కూడా తమిళ చిత్రకారుడు గోపులును గురువుగా చెప్పుకున్నారు. ఆ మాట వల్ల బాపు గీత అరవగీత అయిపోలేదు. ఆ పెద్ద కళ్లు, ఆ వాలుజడ మన భాషకి ‘బాపు బొమ్మ’ అనే మాటనే ఇచ్చాయి. ఆయన చేతిరాత ఫాంటుగా మారి మన శుభలేఖల మీదికి ఎక్కింది. గురువు పేరు తెలిశాక శిష్యుడు ఎక్కడ మలుపు తిరిగాడో వెతకడం మొదలవుతుంది.

పేరున్నవాళ్లు చెబితే సంస్కారం, కొత్తవాడు చెబితే కాపీ అంటారు కదా అని ఒక అభ్యంతరం. నిజమే, అంటారు. కానీ పెద్దలు దాచేకొద్దీ ఈ అలవాటు ముదురుతుంది. ప్రతిభ ఆకాశం నుంచి ఊడిపడుతుందనే భ్రమలో పెరిగిన ప్రేక్షకుడికి ప్రతి పోలికా దొంగతనంలాగే కనిపిస్తుంది. రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది: నోరు విప్పితే కోర్టుకెక్కాల్సి వస్తుంది. 2013లో వచ్చిన ‘బ్లర్డ్ లైన్స్’ పాట గురించి గాయకుడు రాబిన్ థిక్, మార్విన్ గే 1977 నాటి పాటలాంటిది చేద్దామనుకున్నామని ఇంటర్వ్యూలో చెప్పాడు. గే కుటుంబంతో నడిచిన దావాలో ఆ మాటలే అతనికి అడ్డం తిరిగాయి. 2015లో జ్యూరీ విధించిన 74 లక్షల డాలర్ల మొత్తం తర్వాత సుమారు 53 లక్షలకు తగ్గింది. 2018లో అప్పీలు కోర్టు తీర్పును సమర్థించినా, ఇలాగైతే సంగీత శైలికే హక్కుదారులు పుట్టుకొస్తారని ఒక న్యాయమూర్తి విభేదించారు. ఆ భయం సబబే. అయితే నోరు మూసుకున్నంత మాత్రాన పాటలోని పోలిక చెరిగిపోదు. ‘అలాంటిది చేద్దామనుకున్నాం’ అనే మాట దేన్నయినా ఇముడ్చుకుంటుంది. తాళమా, ఊపా, బాణీయా అన్నది విడమరిచి చెప్పడం నేర్చుకుంటే, ప్రేరణకూ నకలుకూ మధ్య గీత ఎక్కడుందో మనకూ న్యాయస్థానాలకూ స్పష్టమవుతుంది.

ఇక చివరి అభ్యంతరానికి పూర్తి జవాబు లేదు. ఒప్పుకున్నంత మాత్రాన అప్పు తీరదు. పోస్టరు కింద గ్లేజర్ పేరు ప్రపంచమంతా తిరిగింది. దర్జీ బోర్డు రాసిన పెయింటరు పేరు ఈ కథలో ఎక్కడా లేదు. ప్రేరణ చెప్పుకోవడంలో ఉన్న కొరత అదే, పేరున్నవాళ్ల బాకీలే పుస్తకాలకెక్కుతాయి. అయినా మెక్సికోలో అలాంటి చెయ్యి ఒకటి ఉండేదని మనకు తెలిసిందంటే, తీసుకున్నవాడు దాచుకోలేదు కాబట్టే. గ్లేజర్ ఊరుకుని ఉంటే, పేరు లేని ఆ మనిషి గురించి అడగాలని కూడా మనకు తోచేది కాదు.